పల్నాడు నెత్తుటి చుక్కను చదివేదెవరు?

పల్నాడు నెత్తురు అనగానే తెలుగువారికి గుర్తుకు వచ్చేది కారెంపూడి రణరంగం. ఆ తరువాత ఇటీవలి దశాబ్దాల గ్రామ కక్షలు. వీరగాథగానో ముఠా తగాదాగానో తప్ప ఈ సీమ నెత్తురును గురించి మనం మాట్లాడుకున్నది తక్కువ. కూలి మనిషి వేలి కొసను సూదితో గుచ్చి, గాజు పలక మీద పరచి, రంగు వేసి, సూక్ష్మదర్శిని కింద పెట్టి చదవవలసిన నెత్తురు మరొకటి ఉంది. దాన్ని చదవడం నేర్చిన కళ్లు మాచర్లలో ఎన్ని, గురజాలలో ఎన్ని, బొల్లాపల్లి మండలపు తండాలకు చేరువలో ఎన్ని అన్నది ఎన్నికల సభల్లో వినిపించే ప్రశ్న కాదు. దాన్ని వైద్యశాఖ అంతర్గత వ్యవహారంగా వదిలేయడం మనకు అలవాటు. అది కుల ప్రశ్న కూడానని ఈ వ్యాసం వాదన.

ప్రపంచ ఆరోగ్య సంస్థ దగ్గర ఒక జాబితా ఉంది. దాని పేరు ‘నిర్లక్ష్యానికి గురైన ఉష్ణమండల వ్యాధులు’. కుష్ఠు, బోదకాలు, కాలా అజార్, నులిపురుగులు, గజ్జి, రేబిస్, డెంగీ అందులోవే. 2017లో పాముకాటును చేర్చారు. 2023 డిసెంబరులో పసిపిల్లల ముఖాన్ని తినివేసే నోమాను చేర్చడంతో జాబితా 21కి చేరింది. ప్రపంచంలో వంద కోట్ల మందికి పైగా వీటి బారిన పడుతున్నారని ఆ సంస్థే చెబుతున్నది. అయితే ఆ జాబితాకు పెట్టిన పేరు కర్త లేని వాక్యం వంటిది. నిర్లక్ష్యానికి గురైనవేవో చెబుతుంది, నిర్లక్ష్యం చేసినదెవరో చెప్పదు.

పల్నాడులో ఆ కర్తను వెతకడానికి దూరం పోనక్కరలేదు. నరసరావుపేట కేంద్రంగా 2022 ఏప్రిల్ 4న ఏర్పడిన ఈ జిల్లాలో సాగర్ కుడి కాలువ కింది మాగాణి ఉంది, మిరప, పత్తి పండే మెట్ట ఉంది, పిడుగురాళ్ల చుట్టూ సున్నపు బట్టీలున్నాయి, నల్లమల అంచున చెంచు గూడేలు, లంబాడీ తండాలు ఉన్నాయి. భూమి ఎవరి పేరన ఉన్నదో, ఆ భూమిలో వట్టికాళ్లతో నిలబడేది ఎవరో ఈ పుట చదివేవారికి విడమరచి చెప్పనక్కరలేదు. కొంకిపురుగు పిల్ల తడి మట్టిలో నుంచి పాదం చర్మం గుండా ఒంట్లోకి దూరుతుంది. కట్లపాము రాత్రివేళ నేల మీద పడుకున్నవారిని కాటు వేస్తుంది. మొదటిదానికి అడ్డు చెప్పు. రెండవదానికి అడ్డు మంచం. దళితుడు ఊరి వీధిలో చెప్పులు తొడిగి నడవరాదనీ, పెద్దకులాల వారి ఎదుట మంచం మీద కూర్చోరాదనీ శాసించిన గ్రామాలు మనవి. మర్యాద పేరిట నిషేధించినవి నిజానికి రెండు వ్యాధి నిరోధక సాధనాలు. ఆ నిషేధాలు చాలాచోట్ల సడలాయి. కానీ ఆ నిషేధాల కింద తరాల తరబడి బతికిన జనమే నేటికీ ఆ మట్టిలో, ఆ నేల మీద ఉన్నారు. వ్యాధి పటం, కులపటం ఒకదాని మీద ఒకటి పరచినట్లు ఉండడం కాకతాళీయం కాదు.

ఇక పరీక్షల సంగతి. ఈ వ్యాధుల నిర్ధారణకు ఉన్న పరీక్షల్లో ఒక ప్రత్యేకత ఉంది, దాన్ని మన ఆరోగ్య విధానాలు పట్టించుకోలేదు. వీటిలో చాలా పరీక్షలు ప్రయాణం చేయవు. చక్కెర పరీక్షకు, థైరాయిడ్ పరీక్షకు నెత్తురు తీసి గొట్టంలో పోసి వంద కిలోమీటర్లు పంపవచ్చు. పాముకాటుకు చేసే ఇరవై నిమిషాల పరీక్షను పంపడం కుదరదు. కొత్తదీ, శుభ్రమైనదీ, పొడిగా ఉన్నదీ అయిన గాజు గొట్టంలో రెండు మిల్లీలీటర్ల నెత్తురు పోసి, ఇరవై నిమిషాలు కదపకుండా ఉంచి, ఒక్కసారి వంచి చూడాలి. అప్పటికీ నెత్తురు గడ్డకట్టక జారిందంటే రక్తపింజర వంటి పాము విషం నెత్తుటిలో గడ్డకట్టే గుణాన్ని దెబ్బతీసినట్లు. విరుగుడు మందు ఇవ్వాలి, ఆరు గంటల తరువాత మళ్లీ పరీక్షించాలి. యంత్రం అక్కరలేదు, కరెంటు అక్కరలేదు. కానీ గొట్టం ప్లాస్టిక్‌ది అయినా, సబ్బుపొడితో కడిగినది అయినా విషం ఎక్కని నెత్తురు సైతం గడ్డకట్టదు, ఫలితం తారుమారవుతుంది. మధ్యలో ఎవరో కుతూహలంతో గొట్టం ఊపి చూసినా అంతే. ఈ చిన్న సంగతులు తెలియడమే శిక్షణ. నాగుపాము, కట్లపాము కాట్లలో ఈ పరీక్ష ఏమీ చెప్పదనీ, అక్కడ చూడవలసినది వాలిపోతున్న కనురెప్పలనీ తెలియడం కూడా శిక్షణే.

2000 నుంచి 2019 వరకు ఇరవై ఏళ్లలో దేశంలో పాముకాటుతో సుమారు 12 లక్షల మంది మరణించారని, అంటే ఏటా సగటున 58 వేల మంది అని 2020లో వెలువడిన అధ్యయనం అంచనా వేసింది. అధిక మరణాలున్న రాష్ట్రాల్లో ఉమ్మడి ఆంధ్రప్రదేశ్ ఒకటి. మృతుల్లో అత్యధికులు గ్రామీణులు. 2030 నాటికి ఈ మరణాలను సగానికి తగ్గిస్తామని కేంద్ర ప్రభుత్వం 2024 మార్చిలో జాతీయ కార్యాచరణ ప్రణాళిక ప్రకటించింది. మాచర్ల నుంచి గుంటూరు పెద్దాసుపత్రికి నూరు కిలోమీటర్లకు పైనే. ఆ దూరంలో ఇరవై నిమిషాల పరీక్ష ఎక్కడ జరుగుతుందన్నది బతుకు చావుల ప్రశ్న.

కొంకిపురుగుదీ ఇదే కథ. పలుచని మలపు పొరను పలక మీద పరచి గుడ్లు లెక్కించే పద్ధతి ఒకటి ఉంది. పొర తయారైన అరగంట, గంటలోపు చూడకపోతే కొంకిపురుగు గుడ్లు కరిగి కంటికి ఆనవు. సాయంత్రపు బండిలో జిల్లా కేంద్రానికి పంపిన పలక మీద అవి ఉండవు. ఫలితం ‘లేవు’ అనే వస్తుంది, మనిషి నెత్తురు మాత్రం పోతూనే ఉంటుంది. 2015 నుంచి నులిపురుగుల దినాన ఏడాది నుంచి 19 ఏళ్ల లోపు పిల్లలకు ఆల్బెండజోల్ మాత్ర మింగిస్తున్నారు, మంచిదే. కానీ పత్తిచేలో రోజంతా వంగి నిలిచే నలభై ఏళ్ల దళిత స్త్రీ ఆ లెక్కలోకి రాదు. ఆమె రక్తహీనతకు ఇనుము మాత్రలిచ్చి పంపుతారు. ఇనుము ఎక్కడికి పోతున్నదో చూసేవారు లేరు.

బోదకాలు క్రిమి మరింత విచిత్రమైనది. దాని పిల్లలు పగలు లోపలి అవయవాల్లో దాగి, రాత్రి పది దాటాక పైపై నెత్తురులోకి వస్తాయి. కనుక ల్యాబ్ టెక్నీషియనే రాత్రి వేళ వాడకు నడవాలి. పగటి డ్యూటీ ముగించుకుని ఊరి మెరక మీద నుంచి ఇంటికి పోయే వ్యవస్థ ఆ పరీక్షను చేయలేదు.

ఈ సందర్భంలో పదేళ్ల నాటి ఒక నిర్ణయాన్ని తలచుకోవాలి. 2016లో ‘ఎన్టీఆర్ వైద్య పరీక్ష’ పేరిట ప్రాథమిక ఆరోగ్య కేంద్రాల పరీక్షలను రాష్ట్ర ప్రభుత్వం ప్రైవేటు సంస్థకు అప్పగించింది. ఉచితంగా పరీక్షలు దొరకడం పేదలకు మేలే, కాదనలేము. కానీ నమూనా తీసి బండి ఎక్కించి, ఫలితం కోసం ఎదురుచూసే ఈ పద్ధతిలో పలక చదివే నైపుణ్యానికి చోటు లేదు. ల్యాబ్ మనిషి చదువరి స్థానం నుంచి పార్సిల్ గుమాస్తా స్థానానికి దిగిపోతాడు. ప్రయాణం చేయగలిగిన పరీక్షలు బతికాయి, చేయలేనివి చచ్చాయి. ఏవి చచ్చాయో చూడండి: వాడ వ్యాధులవి. పట్టణంలో డబ్బు పెట్టి ఎవరూ చేయించుకోని పరీక్షలకు ప్రైవేటు సంస్థ దృష్టిలో విలువ ఉండదు. పైగా ప్రైవేటు సంస్థ నియామకాలకు రిజర్వేషన్ వర్తించదు. పలక మీది నెత్తురు ఎవరిదన్నదీ, పలక ముందు కూర్చునేది ఎవరన్నదీ ఒకే సంతకంతో తేలిపోయాయి.

కుష్ఠు విషయంలో దెబ్బ మరో విధంగా తగిలింది. 1983లో బహుళ ఔషధ చికిత్స మొదలయ్యాక రోగుల సంఖ్య వేగంగా తగ్గింది. పదివేల మందికి ఒకరికన్నా తక్కువ అన్న లెక్క ప్రకారం 2005 డిసెంబరు నాటికి దేశంలో కుష్ఠు ‘నిర్మూలన’ అయింది. ప్రత్యేక సిబ్బందిని సాధారణ ఆరోగ్య సేవల్లో కలిపేశారు. అయినా నేటికీ ప్రపంచంలో కొత్తగా బయటపడే కుష్ఠు కేసుల్లో సగానికి పైగా మన దేశానివే. స్పర్శ లేని మచ్చను చూసి చాలా కేసులను గుర్తుపట్టవచ్చు, నిజమే. కానీ మచ్చ లేకుండానే చెవి తమ్మెలు దళసరెక్కి, ఒంటినిండా సూక్ష్మజీవులున్న రోగి ఉంటాడు. అతడిని పట్టేది చర్మపు గాటు పరీక్షే. చెవి తమ్మెను వేళ్ల మధ్య నెత్తురు రాకుండా నొక్కిపట్టి, ఐదు మిల్లీమీటర్ల మేర గాటు పెట్టి, బ్లేడు అంచుతో గీకి, పలక మీద పరచి రంగు వేయాలి. క్షయ కోసం కఫం చూసే టెక్నీషియన్ దగ్గర ఇందుకు కావలసిన రంగు ఉంది, ఆమ్లం ఉంది, సూక్ష్మదర్శిని ఉంది. ఒక్కటే తేడా. క్షయ పలకను 25 శాతం సల్ఫ్యూరిక్ ఆమ్లంతో కడుగుతారు, కుష్ఠు పలకకు 5 శాతం చాలు. కుష్ఠు సూక్ష్మజీవి రంగును అంత గట్టిగా పట్టుకోదు. క్షయకు అలవాటైన చెయ్యి అదే ఆమ్లం పోస్తే సూక్ష్మజీవుల రంగు కడుక్కుపోతుంది, పలక శుభ్రంగా కనబడుతుంది. సీసా మీది ఒక అంకె తేడాలో ఒక మనిషి వేళ్లు పోతాయి. మిరప తొడిమలు తీసి బతికే స్త్రీకి వేళ్లు పోవడమంటే ఏమిటో వేరే చెప్పాలా?

2025 సెప్టెంబరులో మన పక్కనే, గుంటూరు గ్రామీణ మండలం తురకపాలెంలో వరుస మరణాలు వార్తలకెక్కినప్పుడు తెలుగు పత్రికల్లో మెలియాయిడోసిస్ అన్న పేరు మొదటి పుటకు వచ్చింది. ఆ మరణాలన్నిటికీ అదే కారణమా అన్న చర్చలోకి ఇక్కడ పోవడం లేదు. ఈ వ్యాధి మట్టిలో, నీటిలో ఉండే సూక్ష్మజీవితో వస్తుంది. వానకాలంలో, మట్టిపని చేసేవారికి, అందులోనూ మధుమేహం ఉన్నవారికి ఎక్కువ. చూడడానికి క్షయలా, న్యుమోనియాలా ఉంటుంది. ప్రయోగశాలలో పెంచినప్పుడు దీన్ని మామూలు సూడోమోనాస్‌గా పొరబడడం, లేదా ‘కలుషితం’ అని పారవేయడం తరచు జరిగే పని. శిక్షణ పొందిన మనిషి మాత్రం ఆగుతాడు. జెంటామైసిన్‌కూ కొలిస్టిన్‌కూ లొంగక, అమాక్సిసిలిన్-క్లావులనేట్‌కు లొంగుతున్నదంటే అనుమానించాలని అతనికి తెలుసు. అనుమానం కుదిరితే చికిత్స మారుతుంది; క్షయ మందులు మాని, సెఫ్టాజిడిమ్ వంటి మందు రెండు వారాలు, ఆ తరువాత నెలల తరబడి కోట్రైమాక్సజోల్. మణిపాల్ వంటి చోట్ల ఇందుకోసమే ప్రయోగశాల సిబ్బందికి చేతితో చేయించి నేర్పే తరగతులు నడుస్తున్నాయి. తమాషా ఏమంటే, ప్రపంచ ఆరోగ్య సంస్థ ‘నిర్లక్ష్యపు’ జాబితాలో కూడా మెలియాయిడోసిస్‌కు చోటు లేదు.

ఈ వ్యాధిని తొలిసారి గుర్తించింది 1911లో రంగూన్‌లో. తెలుగు కూలీలు వేల సంఖ్యలో రేవుల్లో, మిల్లుల్లో పనిచేసిన రంగూన్ అది. దిక్కులేని రోగుల శవపరీక్షల్లో వింత పుండ్లు చూసి ఆ సూక్ష్మజీవిని పెంచి చూపినవారు ఇద్దరు: ఆల్ఫ్రెడ్ విట్‌మోర్, సి.ఎస్. కృష్ణస్వామి. 1912లో ఇండియన్ మెడికల్ గెజిట్‌లో వచ్చిన వ్యాసం మీద ఇద్దరి పేర్లూ ఉన్నాయి. వ్యాధికి మాత్రం విట్‌మోర్ వ్యాధి అన్న పేరే నిలిచింది. ప్రయోగశాలలో రెండో మనిషికి దక్కే వాటా ఎంతో ఆనాడే తేలింది.

కాలా అజార్ అనుభవం కూడా చూడదగినది. ఆ పరాన్నజీవిని 1903లో మద్రాసులో చార్లెస్ డోనోవన్ చూశాడు. శతాబ్దం తరువాత కూడా బిహార్‌లో అది ముసహర్ల ఇళ్లలోనే ఉంది. మట్టిగోడల పగుళ్లలో పెరిగే ఇసుక దోమ, ఊరికి దూరంగా తోసివేసిన ముసహర్ టోలా, నెలల తరబడి ఆలస్యమైన నిర్ధారణ. ఆ ఆలస్యాన్ని తగ్గించినది వేలి చుక్కతో నిమిషాల్లో ఫలితమిచ్చే ఆర్‌కే-39 పట్టీ, దాన్ని గ్రామస్థాయి కేంద్రానికి చేర్చడం. 2023 నాటికి ప్రతి బ్లాకులోనూ పదివేల మందికి ఒకటి లోపు అన్న లక్ష్యాన్ని దేశం అందుకుంది. పట్టీలు వచ్చాక ఇక సూక్ష్మదర్శిని చదవడం ఎందుకని కొందరు అడుగుతారు. ఆ పట్టీ ఒకసారి జబ్బుపడి కోలుకున్నవారిలో ఏళ్ల తరబడి ‘ఉంది’ అనే చూపుతుంది. జబ్బు తిరగబెట్టిందో లేదో చెప్పలేదు. బోదకాలు పట్టీని సరిగ్గా పది నిమిషాలకు చదవాలి, ఆలస్యమైతే లేని రోగం కనబడుతుంది. పట్టీకి కూడా చదువరి కావాలి.

ఆసుపత్రిలోని కులవ్యవస్థను గురించి మనం తగినంత రాయలేదు. నెత్తురు, కఫం, చీము, మలం: ఈ నాలుగింటినీ తాకేవారి గౌరవం ఆ వరుసలోనే తగ్గుతూ పోతుంది. మలపరీక్ష డబ్బా ఎంతమంది చేతులు తప్పించుకుని ఎవరి చేతికి చేరుతుందో ఏ ఆసుపత్రిలోనైనా ఒక పూట కూర్చుంటే తెలుస్తుంది. డీఎంఎల్‌టీ చదివే పిల్లల్లో ఎంబీబీఎస్ గడప దాకా రాలేని కుటుంబాల వారే ఎక్కువగా కనిపిస్తారు. పల్లె బడి నుంచి వచ్చి, రెండేళ్లు చదివి, కాంట్రాక్టు కాగితం పట్టుకుని ఆరోగ్య కేంద్రంలో కూర్చున్న ఆ యువతికి కాలేజీలో చూపినది పెట్టెలో దాచిన పాత పలకలు, అదీ ఒకసారి. ఆమె తప్పు చదివితే నింద ఆమెదే. ఒప్పు చదివితే పేరు చీటీ రాసినవారిది. సహస్రాబ్ది దాటని కాలంలోనే బ్రహ్మనాయుడు అన్ని కులాలనూ ఒకే చాప మీద కూర్చోబెట్టి చాపకూడు పెట్టాడని, మాల కన్నమదాసును సేనానిని చేశాడని గర్వించే సీమ ఇది. ఆ చాప మీద ల్యాబ్ టెక్నీషియన్‌కు నేటికీ చోటు లేదు. వైద్య ప్రయోగశాల నిపుణులను కూడా ఒక వృత్తిగా గుర్తిస్తూ 2021లో పార్లమెంటు అనుబంధ ఆరోగ్య వృత్తుల చట్టం చేసింది. గుర్తింపు కాగితం మీద ఉంది, మళ్లీ మళ్లీ నేర్చుకునే అవకాశం దాని వెంట రాలేదు.

నేర్పే చోట్లు లేవా అంటే ఉన్నాయి. జాతీయ ఫైలేరియా నియంత్రణ కార్యక్రమం 1955లో మొదలైంది. దానికి మనుషులను తయారుచేయడానికి కోళికోడ్, వారణాసిలతో పాటు రాజమహేంద్రవరంలోనూ శిక్షణ కేంద్రం వెలిసింది. నేడది జాతీయ వ్యాధి నియంత్రణ కేంద్రపు శాఖ. చర్మపు గాటు పరీక్ష నేర్పడానికి చెంగల్పట్టులో కేంద్ర కుష్ఠు బోధన, పరిశోధన సంస్థ ఉంది. బోదకాలుకు నేటికీ వాడే డీఈసీ మందును 1940లలో అమెరికాలోని లెడర్లీలో తీర్చిన బృందానికి నాయకుడు భీమవరంలో పుట్టిన యల్లాప్రగడ సుబ్బారావు. మందు మనవాడు తెచ్చాడు, పాఠశాల మన గోదావరి ఒడ్డున ఉంది. గోదావరి నుంచి పల్నాటి గూడెం దాకా ఆ చదువు నడిచి రావడం ఒక్కటే మిగిలింది.

క్షయ కార్యక్రమం చేసి చూపిన పద్ధతి ఒకటి మన కళ్లముందే ఉంది. కిందిస్థాయి ప్రయోగశాల చదివిన పలకల్లో కొన్నింటిని ఎంపిక చేసి, మొదటి ఫలితం చెప్పకుండా పై కేంద్రంలో మళ్లీ చదివిస్తారు. తేడా వస్తే ఆ మనిషిని శిక్షించరు, పక్కన కూర్చోబెట్టి నేర్పుతారు. గాటు పలకలకూ బోదకాలు పలకలకూ నరసరావుపేటలో ఇదే ఏర్పాటు చేయడానికి కొత్త భవనం అక్కరలేదు. రెండు కళ్లద్దాల సూక్ష్మదర్శిని, జిల్లాలో దొరికిన పలకలతోనే పెరిగే ఒక పలకల పెట్టె, వాటిని చూపి నేర్పగల ఒక సీనియర్ టెక్నీషియన్ చాలు. పిడుగురాళ్లకు మంజూరైన ప్రభుత్వ వైద్య కళాశాలలో సూక్ష్మజీవ విభాగం నిలదొక్కుకున్న నాడు మెలియాయిడోసిస్ వంటివాటి పెంపకం, దానికి అవసరమైన రక్షణ గది, టెక్నీషియన్ ప్రాణానికి పూచీ అక్కడ ఉండాలి. గాజు గొట్టాల విషయం మాత్రం అంతదాకా ఆగనక్కరలేదు. పాము మందు ఉన్న ప్రతి ఆరోగ్య కేంద్రంలోనూ ఆ మందు సీసా పక్కనే కొత్త గాజు గొట్టాలు ఉండాలని ఒక్క ఆదేశం చాలు.

రాజమహేంద్రవరం వెళ్లి కొన్ని రోజులు నేర్చుకుని రావాలంటే మాచర్ల టెక్నీషియన్‌కు రెండు కావాలి. ఒకటి ప్రయాణ భత్యం. రెండవది, తాను లేని రోజుల్లో తన బల్ల ముందు కూర్చునే మరో మనిషి. ఎందుకంటే చాలా కేంద్రాల్లో ఆ బల్ల ముందు ఉండేది ఒక్కరే. కాంట్రాక్టు ఉద్యోగికి ఈ రెండూ హక్కుగా లభించేటట్లు ఉత్తర్వు రావాలి. పల్నాటి చేలల్లో మిరప కోతలు జనవరిలో మొదలవుతాయి.